హాల్లో ఒకరు తక్కువ

శుక్రవారం పదకొండున్నర ఆటకి, నిడదవోలు పద్మినీ పిక్చర్ ప్యాలెస్‌లోని మేడ మీది చిన్న హాల్లో, నాలుగు టికెట్లు తెగాయి. లోపల తలలు లెక్కపెడితే ముగ్గురే ఉన్నారు.

ఆ ఒక్క మనిషి కోసం ప్రభుత్వం మూడు వారాలు వెతికింది.

లెక్కపెట్టినవాడు ఆషామాషీ మనిషి కాదు. చిట్టూరి భీమశంకరం ఇరవై ఆరేళ్ళు డిస్ట్రిబ్యూటర్ల తరఫున రిప్రజెంటేటివ్‌గా గోదావరి జిల్లాల హాళ్ళన్నీ తిరిగినవాడు. సినిమా పెట్టెతో పాటు ఊళ్ళో దిగడం, ఇంటర్వెల్లో లైట్లు వేయగానే తెర కింద నిలబడి తలలు లెక్కపెట్టడం, హాలువాళ్ళు ఎన్ని టికెట్లు దాచారో మొహాన చెప్పడం ఆయన ఉద్యోగం. వెయ్యిమందిని నలభై సెకన్లలో తేల్చేవాడని పేరు. లెక్క అయిపోగానే కాయితాల మీద సంతకానికి ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయేవాడు. ఎప్పుడూ తెరకి వీపు పెట్టి నిలబడడం వల్ల అన్నేళ్ళలో ఒక్క సినిమా కూడా చూడలేదు.

ఈ అర్హత చూసే చలనచిత్ర విజయ నిర్ధారణ మండలి ఆయన్ని ప్రధాన గణకుడిగా వేసుకుంది.

మండలి పుట్టి అప్పటికి ఏడాది. ఎవరి సినిమా విడుదలైనా వాళ్ళు హిట్టనేవారు, పక్కవాళ్ళు ఫట్టనేవారు. స్టారు లేకుండా, స్టూడియో లేకుండా సొంతంగా తీసుకునేవాళ్ళయితే మాది ఆడలేదు కాని మంచి సినిమా అనేవారు. ఈ గందరగోళానికి స్వస్తి చెప్పడానికి మండలి కమిషనర్ సార్వభౌమరావు గారు ఒక నియమావళి రాశారు. మంచి అనేది అభిప్రాయం, నిండిన హాలు అనేది వాస్తవం అని దాని ముందుమాట.

రెండో నియమం: ప్రేక్షకుడు అనగా టికెట్టు పొంది కుర్చీ నధిష్ఠించిన ప్రాణి.

నాలుగో నియమం: విడుదలైన ఇరవై యొక్క దినములలో ఒక్క ఆటకైనను హాలు సంపూర్ణముగా నిండని చిత్రము, చిత్రముగా పరిగణింపబడదు.

తొమ్మిదో నియమం: టికెట్టు లేనిదే, హోదాతో నిమిత్తము లేకుండ, ఎవ్వరికిని హాలు ప్రవేశము లేదు.

పదకొండో నియమం: గణకుడు తెరకు విముఖుడై ఉండవలెను. వీక్షణము గణనకు శత్రువు.

పెద్ద సినిమాలకి వీటితో ఏ ఇబ్బందీ రాలేదు. మొదటిరోజు మొదటి ఆటకే హాళ్ళు నిండేవి. రెండోరోజు హాల్లో ఈగలు తోలుకుంటున్నా అవి చిత్రాలే. చిక్కల్లా పైడిపాల ఇందుమతి లాంటివాళ్ళకి వచ్చింది.

ఇందుమతిది నిడదవోలే. పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తుంది. ముహూర్తాలు లేని నెలల్లో అదే కెమెరాతో, రెండేళ్ళపాటు, ఊరి చివర రైల్వే గేటు దగ్గర ఒక సినిమా తీసింది. పేరు "గేటు పడింది". ఉదయం పదింటికి గేటు పడుతుంది. రైలు రాదు. ఇటు పెళ్ళికూతురు, అటు పెళ్ళికొడుకు, మధ్యలో కరిగిపోతున్న ఐసు లారీ, పరీక్ష పేపర్ల కట్టతో ఒక మేష్టారు. స్టేషన్ నుంచి ఫోన్లో అనుమతి నంబరు రానిదే గేటు ఎత్తనంటాడు గేట్‌మ్యాన్. కథంతా అంతే. షూటింగ్ అయిన రెండు నెలలకే రైల్వేవాళ్ళు ఆ గేటు పీకేసి కింద నుంచి దారి వేశారు. మళ్ళీ తీద్దామన్నా గేటు లేదు.

మూడో గురువారం లోపు ఒక్క ఆటకి తొంభై ఆరు కుర్చీలూ నిండాలి. లేకపోతే ఆమె తీసింది సినిమా కాదు. ఉన్న కాపీలన్నీ మండలి గోడౌన్‌లో సీలువేస్తారు, ఎక్కడా ఎవరికీ వేసి చూపించడానికి వీల్లేదు. సినిమా తీయని మనిషి కాబట్టి దర్శకురాలిగా అయిదేళ్ళ దాకా ఇంకో సినిమాకి అనుమతి అడగడానికీ వీల్లేదు.

అలాంటి సినిమాకి మొదటి ఆటలోనే లెక్క తేడా వచ్చింది.

"నాలుగో మనిషేడండీ?" అన్నాడు భీమశంకరం, హాలు మేనేజరు పెన్మెత్స సోమరాజుతో.

"మీరే చెప్పాలండి. లెక్కెట్టింది మీరు కదా."

"వెయ్యిమందిని లెక్కెట్టినోణ్ణి, ముగ్గుర్ని లెక్కెట్టలేనా సోమరాజు గారూ? ఓ జంట. ప్యాసింజర్ లేటని వచ్చి కూర్చున్నారు. కండువా వేసుకున్న పెద్దాయన. అంతే."

"నా టికెట్ల పుస్తకం కూడా అబద్ధమాడదండి. నాలుగు తెగాయి. ఆయ్."

ఇద్దరూ కుర్చీల కింద వెతికారు. తెర వెనక వెతికారు. బాత్రూము తలుపు కొట్టి చూశారు. ఎవరూ లేరు. ఆ శుక్రవారమే అమల్లోకి వచ్చిన తొమ్మిదో నియమం ప్రకారం భీమశంకరం కూడా కౌంటర్లో టికెట్టు కొనుక్కునే లోపలికి వెళ్ళాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అదే మొదటిసారి. అందుకని ఆ సంగతి ఆయనకి గాని, ఆయన మీద ఉన్న గౌరవం కొద్దీ సోమరాజుకి గాని తోచలేదు.

సాయంత్రం నాలుగింటికి కమిషనర్ గారు స్వయంగా ఫోన్ చేశారు.

"అనగా, అచ్చట ఒక అగోచర ప్రేక్షకుడున్నాడు," అన్నారు. "ఒక్కడితోనే మొదలవుతుంది భీమశంకరం గారూ. రేపు పదిమంది అగోచరులు వస్తారు. ఆ తరువాత తొంభై ఆరుగురు. శూన్యమైన హాలు కాగితముపై నిండిపోతుంది. చిత్రము కానిది చిత్రమై కూర్చుంటుంది. పద్నాలుగో నియమాన్ని తక్షణం అమలు పరచండి."

పద్నాలుగో నియమం ఏమిటంటే, టికెట్లకీ తలలకీ తేడా వస్తే ఇద్దరు అదనపు గణకులు రావాలి. అప్పుడూ తేడా వస్తే నలుగురు, తర్వాత ఎనమండుగురు. పాతవాళ్ళ లెక్కని కొత్తవాళ్ళు సరిచూడాలి కాబట్టి పాతవాళ్ళూ ఉండాలి.

సోమవారం ఇద్దరు వచ్చారు. మండలిలో గణకులందరికీ పాఠం చెప్పింది భీమశంకరమే. అందరిదీ ఆయన పద్ధతే, వేలు చాపి ఎదుటివాళ్ళ తలలు లెక్కపెట్టడం. ఆ రోజు మామూలు ప్రేక్షకులు ఇద్దరు, గణకులు ముగ్గురు. టికెట్లు అయిదు. ముగ్గురూ ఎవరి లెక్క వాళ్ళు రాసి, కవర్లలో పెట్టి, లక్క సీలు వేశారు. విప్పి చూస్తే మూడింటిలోనూ నాలుగే ఉంది.

ముగ్గురు నిపుణులు ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకే సంఖ్య రాశారంటే ఇంక అనుమానానికి తావేముంది? ఒకడు తప్పించుకు తిరుగుతున్నాడన్నది రుజువైపోయింది. బుధవారం నలుగురు దిగారు. మామూలు ప్రేక్షకులు లేరు. టికెట్లు ఏడు, ఏడు కవర్లలోనూ ఆరు.

ఏడుగురు తెర కింద బారుగా నిలబడడానికి సోమరాజు ఒప్పుకోలేదు. రెండో నియమం ప్రకారం టికెట్టున్నవాడు కుర్చీలో ఉండాలన్నాడు. పదకొండో నియమం ప్రకారం తెరకి వీపు పెట్టాలన్నారు గణకులు. రెండు నియమాలూ కలిపి పాటించడానికి, కుర్చీల్లో మోకాళ్ళ మీద కూర్చుని, కుర్చీ వీపు పట్టుకుని, రైలు కిటికీలోంచి బయటికి చూసే పిల్లల్లా వెనక్కి తిరిగారు. ఆఖరి వరసలో పడ్డవాడికి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. అతను ప్రధాన కార్యాలయానికి రాస్తే, గోడను నిశితముగా పరిశీలించి అందు ఎవ్వరును లేరని ధ్రువీకరించవలసినదిగా జవాబు వచ్చింది.

ఈలోగా ఇందుమతికి నోటీసు అందింది. సదరు అగోచర వ్యక్తి ఆచూకీ మూడు రోజుల్లో తెలియజేయాలి. ఆమె ఆ కాయితం పట్టుకుని హాలు క్యాంటీన్ బల్ల మీద కూర్చుంది. భీమశంకరం టీకి వచ్చాడు.

"బాబాయ్ గారూ, మీరు రోజూ లోపలే ఉంటున్నారు కదా. ఎలా ఉందండీ?"

"ఏదమ్మా?"

"సినిమా."

"మేం చూడమమ్మా. లెక్కెడతాం."

ఆమె నోటీసు మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం భీమశంకరానికి ఎక్కడో గుచ్చుకుంది. ఇరవై ఆరేళ్ళలో ఆయన్ని నిర్మాతలు తిట్టారు, హాలు ఓనర్లు బతిమాలారు, ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు.

రెండోవారం మంగళవారానికి గణకులు పదిహేనుగురయ్యారు. ఇంటర్వెల్‌కి ఇంకా పది నిమిషాలుంది. భీమశంకరం పెన్ను కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. పెన్నుతో పాటు చిరిగిన సగం టికెట్టు వచ్చింది.

ఆయన దాన్ని చూశాడు. అటూ ఇటూ తిప్పి నంబరు చదివాడు. తర్వాత హాల్లో ఉన్న పద్నాలుగు తలల్ని చూశాడు. మళ్ళీ టికెట్టు చూశాడు.

అగోచర ప్రేక్షకుడు దొరికిపోయాడు.

వెంటనే లేచి చెప్పేయాలి. అది ఉద్యోగ ధర్మం. లేవబోయాడు కూడా. చెపితే ఏమవుతుందో ఆయనకి ఆ సగం లేచిన భంగిమలోనే తోచింది. లెక్క సరిపోతుంది. పదిహేనుకి పదిహేను. గణకులందరూ పెట్టెలు సర్దుకుని రైలెక్కుతారు. హాల్లో ప్యాసింజర్ లేటైన జంటలు మిగులుతాయి. గురువారం వస్తుంది. ఆ పిల్ల తీసింది సినిమా కాదని సీలు పడుతుంది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఎవరో అన్నారు. "నంబరు రాలేదయ్యా. నంబరు లేకుండా గేటెత్తితే నా ఉద్యోగం పోద్ది. నాకు తెల్దా, కరిగిపోతోందని?"

భీమశంకరం మెడ తిప్పాడు.

తెర మీద ఐసు లారీ కింద నీళ్ళు ధారగా కారుతున్నాయి. గేట్‌మ్యాన్ ఆ నీళ్ళకేసి చూస్తూ ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. అటుపక్క పెళ్ళికొడుకు తలపాగా తీసి విసురుకుంటున్నాడు. భీమశంకరం ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు. లైట్లు వెలిగాయి. గేటు పడే ఉంది.

కవరులో పద్నాలుగు అని రాసి సీలు వేశాడు. సగం టికెట్టు జేబులోనే పెట్టుకున్నాడు. నియమం ప్రకారం ఇంటర్వెల్ లెక్కతో గణకులు హాలు విడిచిపెట్టాలి. మెట్లు దిగుతూ ఇందుమతి దగ్గర ఆగాడు.

"ఆ గేటు..."

"చూశారా బాబాయ్ గారూ?"

"లేదమ్మా. వినపడింది," అని వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి కథ పరుగందుకుంది. శుక్రవారం పదహారుగురు వచ్చి మొత్తం ముప్ఫై ఒక్కరయ్యారు. సోమవారం ఇంకో ముప్ఫై ఇద్దరు వచ్చి అరవై ముగ్గురయ్యారు. లాడ్జీలు నిండాయి. లెక్కలో మాత్రం ప్రతిసారీ ఒకరు తక్కువ. గవర్నమెంటువాళ్ళు అరవైమంది రోజూ మానకుండా చూస్తున్న సినిమా అంటే అందులో ఏదో ఉండి ఉంటుందని ఊళ్ళో పుకారు లేచింది. బుధవారానికి హాలు ముందు జనం మూగడం మొదలైంది.

ఆఖరి గురువారం ఉదయం కమిషనర్ సార్వభౌమరావు గారే దిగారు. ఆయన, పేషీ, నిఘా విభాగం, విశ్వవిద్యాలయం నుంచి గణాంక శాస్త్రవేత్తలు, అందరూ కలిపి ముప్ఫై ఒక్కరు. ఒక పోలీసు జాగిలం కూడా వచ్చింది. జాగిలానికి టికెట్టెందుకన్నాడు దాన్ని పట్టుకొచ్చినతను. సోమరాజు రెండో నియమం తీసి, ప్రాణి అన్న మాట కింద గీత గీసి చూపించాడు.

"రాసింది మీ సారేనండి. ఆయ్."

మిగిలింది ఒకే ఒక్క టికెట్టు. దాన్ని తెల్లారే ఇందుమతి కొనుక్కుంది. సినిమాగా తన సినిమాకి అదే ఆఖరిరోజు, ఒక్కసారి కుర్చీలో కూర్చుని చూడాలనుకుంది.

సోమరాజు పదకొండేళ్ళుగా మంచినీళ్ళ డ్రమ్ముకి మూతగా ఉన్న చెక్కని తీసి, తడి తుడిచి, గేటుకి తగిలించాడు. దాని మీద హౌస్‌ఫుల్ అని ఉంది. బయట నిలబడ్డ నలభైమంది ఊరి జనాన్ని టికెట్లు లేవని పంపేశారు.

ఆట మొదలైంది. ఇందుమతి ఆఖరి వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది. పెళ్ళి వీడియోలు తీసే మనిషి కాబట్టి ఆమెకి నిండిన హాలు కొత్త కాదు, కాని ఇలాంటి హాలు ఎప్పుడూ చూడలేదు. తన సినిమా నడుస్తోంది. ఎనభై చిల్లర మొహాలు తనకేసి తిరిగి ఉన్నాయి. తెర వెలుగు వాళ్ళ వీపుల మీద పడుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఎవరూ నవ్వట్లేదు, ఎవరూ కళ్ళు తుడుచుకోవట్లేదు, అందరూ ఆమెని లెక్కపెడుతున్నారు.

మూడో వరసలో ఒక్క తల మాత్రం అటు తిరిగి ఉంది. ఆ పక్కనే రెండు చెవులు. నియమావళి జాగిలానికి వర్తించదు కాబట్టి అది తెరే చూస్తోంది. అటు తిరిగిన తల భీమశంకరానిది.

లైట్లు వెలిగాయి. కవర్లు విప్పారు. తొంభై మూడు కవర్లలో తొంభై ఐదు అని ఉంది. ఒక దాంట్లో తెల్లకాయితం ఉంది.

కమిషనర్ గారు తెర ముందుకు వచ్చారు. "తెగిన టికెట్లు తొంభై ఆరు. నా గణనతో సహా సమస్త గణనల ప్రకారం ఆసీనులైన ప్రాణులు తొంభై ఐదు. అగోచర వ్యక్తి నేడు సైతం చిక్కలేదు. అయినను, కనబడనివాడు ప్రేక్షకుడు కాజాలడు. అనగా హాలు సంపూర్ణముగా నిండలేదు. నాలుగో నియమాన్ని అనుసరించి 'గేటు పడింది' అను ఈ పదార్థము..."

పెన్ను మూత తీశారు. ఆఖరి వరసలో ఇందుమతి లేచి నిలబడింది.

"ఆ మనిషి దొరికాడండి," అన్నాడు భీమశంకరం.

హాలంతా ఇటు తిరిగింది.

"ఎచ్చట?"

"మీ కుర్చీలోనేనండి."

కమిషనర్ గారు గబగబా వెళ్ళి తన కుర్చీ కిందికి వంగి చూశారు. జాగిలం కూడా వెళ్ళి వాసన చూసింది.

"కింద కాదండి. పైన. ఆట జరిగినంతసేపూ అందులో ఎవరు కూర్చున్నారండీ?"

"నేను."

"మీరు లెక్కెట్టిన తొంభై ఐదులో మీరున్నారా అండీ?"

భీమశంకరం జేబులోంచి తన సగం టికెట్టు తీసి పైకెత్తి పట్టుకున్నాడు. హాల్లో తొంభై చేతులు తొంభై జేబుల్లోకి వెళ్ళాయి. తొంభై సగం టికెట్లు బయటికి వచ్చాయి. గణాంక శాస్త్రవేత్తల వరసలో ఎవరో దగ్గారు.

కమిషనర్ గారు మొదటి వరస నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. వేలు కుర్చీ కుర్చీకీ కదిలింది. ఇందుమతిని దాటి ఆఖరి వరస చివరికి వచ్చేసరికి తొంభై ఐదు అయింది. ఆ వేలు గాల్లో కాసేపు ఆగి, నెమ్మదిగా వెనక్కి తిరిగి, ఆయన కోటు గుండీని తాకింది.

"తొంభై ఆరు," అన్నారు.

తాను స్వయంగా నిర్ధారించిన సంఖ్యని తానే కాదనడానికి నియమావళిలో వీలు లేదు. చిత్రము చిత్రమేనని, సంపూర్ణ విజయము సాధించినదని రాసి సంతకం పెట్టారు. ఇందుమతి వచ్చి ఆ కాయితం అందుకుంది.

"మీకీ సంగతి ఎప్పుడు తెలిసింది?" అని భీమశంకరాన్ని అడిగారు కమిషనర్ గారు.

"తొమ్మిది రోజులైందండి."

"తక్షణం ఏల నివేదించలేదు?"

"అప్పుడు చెపితే పదిహేనుమందే తేలేవారండి."

"సరి. ఆ తెల్లకాయితం ఎవరిది?"

"నాదేనండి. ఇవాళ లెక్కెట్టలేదు. సినిమా చూశాను."

కమిషనర్ గారు పేషీ గుమాస్తాని పిలిచి అక్కడే మెమో చెప్పి రాయించారు. విధి నిర్వహణలో ఉండగా వీక్షణకు పాల్పడినందున సదరు ప్రధాన గణకుని తక్షణమే సస్పెండు చేయడమైనది. భీమశంకరం మెమో అందుకుని, నాలుగు మడతలు పెట్టి, సగం టికెట్టున్న జేబులోనే పెట్టుకున్నాడు.

లెక్క ముగిసింది కాబట్టి తొంభై ముగ్గురూ లేచారు. జాగిలం మాత్రం తెర ముందు నుంచి కదలనంది. గొలుసు పట్టి లాక్కెళ్ళాల్సి వచ్చింది. బయట కమిషనర్ గారు పత్రికలవాళ్ళతో మాట్లాడుతూ, రాష్ట్ర ప్రజలు ఈ చిత్రానికి బ్రహ్మరథం పట్టారని, ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదని చెప్పారు. మరి మమ్మల్ని రెండో సగానికైనా వదలండి అని ఊరి జనం అడిగారట. నిండిన హాల్లోకి మనుషుల్ని ఎలా పంపుతామని వాళ్ళకి జవాబు.

హాల్లో సోమరాజు ఫ్యాన్లు ఆపబోతూ ఆగాడు.

"ఇద్దరే ఉన్నారు కదండీ. ఆట ఆపేయమంటారా?"

"నా డ్యూటీ అయిపోయిందండి సోమరాజు గారూ," అన్నాడు భీమశంకరం. "ఇప్పుడే సినిమాకొచ్చాను."

ఇందుమతి వచ్చి ఒక కుర్చీ వదిలి కూర్చుంది. కాయితం ఒళ్ళో పెట్టుకుంది.

"గేటు లేస్తుందా అమ్మా?" అన్నాడు ఆయన.

"చెప్పనండి. చూడండి బాబాయ్ గారూ."

లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. ఇరవై ఆరేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోదు. భీమశంకరం వెనక్కి తిరిగి, వేలు చాపి, ఖాళీ వరసలన్నీ ఒకసారి చూసుకుంటూ వచ్చాడు. వేలు ఇందుమతి దగ్గర ఆగింది.

"ఒకటి," అన్నాడు.

తర్వాత అదే వేలు తన చొక్కా జేబు మీద పెట్టుకున్నాడు.

"రెండు."

తెర మీద గేటు గంట మోగింది. ఆయన అటు తిరిగి కూర్చున్నాడు.